వేగనియంత్రక తంత్రి ఘనీభవన నివారణ

మా గిరివాహన సేవామండలి పుట్టింది డోలీలను మాన్పించడానికి. కొండమీది ఊళ్లలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, వెదురు బొంగుకి దుప్పటిని ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ అడవిదారిన కిందికి దించడం అక్కడి అలవాటు. ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఆ ఫోటో పేపర్లో పడేది. పడినప్పుడల్లా రాజధానిలో పెద్దలకు తలవంపయ్యేది. దారి వేద్దామంటే అనుమతులు రావు, వంతెన కడదామంటే కాంట్రాక్టరు రాడు. అందుకని దారి అక్కర్లేని బండ్లు కొన్నారు.

లావు టైర్లు, నాలుగు చక్రాలు, కూర్చుంటే గుర్రమెక్కినట్టుండే ఎత్తు సీటు, వెనక రోగిని పడుకోబెట్టడానికి ఒక తొట్టి. రాళ్లూ గుంటలూ వాగులూ అన్నీ దానికి ఒకటే. కుడి బొటనవేలి దగ్గర చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే సన్నటి గొట్టంలోని కేబుల్ లాగబడి ఇంజన్ పరుగందుకుంటుంది, వదిలితే నెమ్మదిస్తుంది. ఇంతకన్నా ఆ బండి గురించి తెలియాల్సింది లేదు. ఈ కథ అంతా ఆ మీట గురించే.

నేను ఆ మండలి కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. కార్యాలయం గుమ్మంపుట్టులో ఉండేది. అది కొండకి సగం ఎత్తున ఉన్న ఊరు. చలికాలం తెల్లవారేసరికి గడ్డిమీద మంచు ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకుంటుంది, బకెట్లో నీళ్లమీద మంచు అట్టకడుతుంది. మా ప్రాంతీయ సంచాలకులు తారకేశ్వర్ గారు మైదానం మనిషి. చలి అంటే ఆయనకు వ్యక్తిగతంగా గిట్టదు. మూడు స్వెటర్ల మీద కోటు వేసుకుని సంతకాలు పెట్టేవారు.

డ్రైవర్లలో కిల్లో సుందర్రావు అని ఒకడుండేవాడు. వాళ్లది ఇంకా పైనున్న పనసగరువు. అంతకు రెండేళ్ల ముందు అతని భార్య సుక్రిని డోలీలో దించుతుంటే దారిలోనే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. ఉద్యోగానికి వచ్చినప్పుడు ఎందుకు చేరాలనుకుంటున్నావని అడిగితే ఆ సంగతే చెప్పాడు. అడిగినవాళ్లకి ఏమనాలో తోచక వెంటనే ఉద్యోగం ఇచ్చేశారు. ఇప్పుడు సుక్రి మళ్లీ నీళ్లోసుకుంది. పుష్యమాసంలో కాన్పు అని నర్సమ్మ చెప్పింది. ఈసారి నా బండిమీదే దింపుతానని సుందర్రావు కనబడినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

మొదటి చలికాలం మండలి అధ్యక్షులవారు విచ్చేసి, స్వయంగా బండి నడిపి ప్రారంభిస్తామన్నారు. ఎండ ఇంకా కొండ దాటలేదు. ఆయన శాలువా సర్దుకుని మీట నొక్కారు. అది కదల్లేదు. అంత మంది ముందు మీట మాట వినకపోవడం ఏమిటని గట్టిగా నొక్కారు. అప్పుడు కదిలింది గానీ, తిరిగి వెనక్కి రాలేదు. బండి స్వాగత ద్వారాన్ని దాటి, రాజ్మా చేలోంచి పోయి, కాఫీగింజలు ఆరబోసిన కళ్లం మీదుగా సాగి, గడ్డివామిలో దూరి ఆగింది. అధ్యక్షులవారిని బయటికి లాగి, జుట్టులోని గడ్డి ఏరారు. ఆయన పెద్దమనిషి గనక ఏమీ అనలేదు. రాజధానికి వెళ్లాక అన్నారు.

కారణం అందరికీ తెలుసు. డ్రైవర్లకు తెలుసు, అటెండరుకు తెలుసు, నాకు తెలుసు, మా ఇంజనీరు మంగరాజు గారికి మరీ బాగా తెలుసు. రాజధానిలోని పరిశుభ్రతా విభాగం వారు ‘నిర్మల వాహన సంకల్పం’ అని ఒకటి పెట్టారు. ప్రభుత్వ బండి ఏదైనా సరే ప్రతి సాయంత్రం చీకటి పడకముందు పైపు పెట్టి కడిగి, ఫోటో తీసి, ఫోనులో వాళ్లిచ్చిన యాప్‌లో పెట్టాలి. ఫోటోలో బండిమీద నీటిచుక్కలు కనబడాలి. పొడిగా కనబడితే యాప్ తిప్పికొడుతుంది, మార్కులు పోతాయి. సాయంత్రం కడిగిన నీళ్లు కేబుల్ గొట్టంలోకి దిగుతాయి, తెల్లారేసరికి గడ్డకడతాయి. అంతే సంగతి.

సంచాలకులు అత్యవసర సమావేశం పెట్టారు. మంగరాజు గారు లేచి, సాయంత్రం కడగడం మానేసి ఎండెక్కాక కడిగితే చాలునని, కేబుల్‌లోకి నాలుగు చుక్కల నూనె వదిలి, చివర రబ్బరు తొడుగు చిరిగిందో లేదో చూసుకుని, బండిని రేకుల కింద పెడితే ఇక చూసుకోనక్కర్లేదని చెప్పి కూర్చున్నారు. సమావేశం అక్కడితో అయిపోతుందనుకుని అటెండరు టీ గ్లాసులు తియ్యడానికి వచ్చాడు.

తారకేశ్వర్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. “మంగరాజు గారూ, మీరు సాంకేతికంగా ఆలోచిస్తున్నారు, పరిపాలనాపరంగా ఆలోచించడం లేదు. నీరు పరిశుభ్రతా విభాగం వారిది. చలి వాతావరణం వారిది. ఈ రెండింటి మధ్య చిక్కుకున్న తంత్రి మాత్రమే మనది. మన పోరాటం మన పరిధిలోనే ఉండాలి.”

ఆ రోజు నుంచి మాకు యాక్సిలరేటర్ కేబుల్ లేదు. వేగనియంత్రక తంత్రి ఉంది. అది గడ్డకట్టడం మానేసింది, ఘనీభవనం చెందడం మొదలుపెట్టింది. సాయంత్రానికల్లా నాతో సర్క్యులర్ టైపు చేయించారు: ‘ఇందుమూలముగా సమస్త వాహనచోదకులకు తెలియజేయునది ఏమనగా, తమ ఆధీనమందలి తంత్రి ఘనీభవనము చెందినచో అది సదరు చోదకుని క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును.’ ఆ సర్క్యులర్ నోటీసుబోర్డుకి అంటించి డ్రైవర్లు బండ్లు కడగడానికి వెళ్లారు. మర్నాడు ఎనిమిది బండ్లూ క్రమశిక్షణ తప్పాయి.

మంగరాజు గారు ఎవరికీ చెప్పకుండా ఒక బండి కేబుల్‌కి నూనె వేసి చూశారు. పొద్దున్న అది ఎంచక్కా కదిలింది. కానీ ఆ సాయంత్రం కడిగినప్పుడు కొంచెం నూనె జారి మీట కింద మరకలా కనబడింది. యాప్ ఫోటో తిప్పికొట్టింది. పరిశుభ్రత మార్కుల పట్టికలో మండలి మూడు స్థానాలు కిందికి జారింది. సంచాలకులు ఇంజనీరు గారికి సంజాయిషీ నోటీసు ఇస్తూ, నూనె అనేది మురికికి సంబంధించిన పదార్థమని అందులో రాయించారు.

తరువాత తొడుగులొచ్చాయి. చలికి మనుషులు స్వెటర్ వేసుకుంటున్నప్పుడు తంత్రి ఎందుకు వేసుకోకూడదని సంచాలకులకు తోచింది. మహిళా సంఘాల చేత ఉన్నితో సన్నటి తొడుగులు అల్లించి, అధ్యక్షులవారికి నచ్చిన రంగు వేయించి, మేళతాళాలతో కేబుళ్లకు తొడిగారు. ఆ సాయంత్రం యథావిధిగా కడిగారు. ఉన్ని ఎంత నీరు పడితే అంత తాగింది. అంతకుముందు లోపల మాత్రమే గడ్డకట్టేది, ఇప్పుడు బయట కూడా వేలంత లావున కట్టింది. తొడుగుల వల్ల ఘనీభవనం దూరం నుంచే స్పష్టంగా కనబడే సౌలభ్యం కలిగిందని ప్రగతి నివేదికలో రాశాం.

వారోత్సవాలు కూడా చేశాం. బడిపిల్లల ఊరేగింపు, కేబుల్ ఆకారంలో మానవహారం, ‘నా తంత్రిని ఘనీభవించనివ్వను’ అని ప్రతిజ్ఞ. వ్యాసరచన పోటీలో సాయంత్రం బండి కడగవద్దని రాసిన వ్యాసాలన్నీ విషయాంతరమని పక్కన పెట్టేశారు. అలా పెట్టగా ఒకే ఒక్క వ్యాసం మిగిలింది. దానికి మొదటి, రెండవ, మూడవ బహుమతులు ఇచ్చారు. అది చలికాలపు అందాల గురించి రాసిన వ్యాసం.

ఏడాదిలో సగం మంచులోనే బతికే దేశంలో ఇలాంటి బండ్లు నడిపే నిపుణుడొకాయన ఉన్నాడని ఎవరో చెబితే, ఆయనతో వీడియో సమావేశం ఏర్పాటు చేశారు. పాపం ఆయన ఎంతో ఓపికగా చెప్పాడు. కేబుల్ పొడిగా ఉంచండి, నూనె వెయ్యండి, రబ్బరు తొడుగు చూసుకోండి, చలి రాత్రికి ముందు మాత్రం కడక్కండి, ఒకవేళ కడిగినా ఇంజన్ వేడెక్కేదాకా తిప్పి, తుడిచి, మీటని పదిసార్లు నొక్కి వదలండి అన్నాడు. సంచాలకులు అన్నీ విని కృతజ్ఞతలు చెప్పారు. తెర ఆరిపోయాక మావైపు తిరిగి, ఆ దేశంలో నిర్మల వాహన సంకల్పం లేదు గనక ఆయన సలహాలు మన పరిస్థితులకు సరిపడవని నోట్ రాయమన్నారు. మంగరాజు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఈలోగా బండ్లు ఎండ తగిలి కరిగేదాకా కదలడం లేదని పై ఊళ్లవాళ్లు గొడవ చేశారు. దానికీ సర్క్యులర్ వేశాం. ‘గిరిజన ప్రాంత ప్రజలు తమ అత్యవసర పరిస్థితులను వీలైనంతవరకు సూర్యరశ్మి పూర్తిగా ప్రసరించిన పిమ్మట ఏర్పరచుకొని సహకరించవలసినదిగా కోరడమైనది.’ నేను అది టైపు చేసేటప్పుడు సంచాలకులు తమాషాకి అంటున్నారేమోనని ఒకసారి తలెత్తి చూశాను. ఆయన ‘సహకరించవలసినదిగా’లో సున్నా సరిగ్గా పడిందో లేదో చూస్తున్నారు.

ఇక డ్రైవర్ల ఊపిరి మిగిలింది. దాన్ని కూడా వాడుకున్నాం. తెల్లవారగానే ఎవరి బండి మీటను వాళ్లు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చగా ఊదాలి. దీనికి శ్వాసోష్ణ విధానమని పేరు. ఎనిమిది మంది మగవాళ్లు వరసగా బండ్లమీదికి వంగి ఊదుతుంటే దారిన పోతున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు. సుందర్రావు మాత్రం నవ్వేవాడు కాదు. కాన్పు రోజులు దగ్గర పడుతున్నాయని, నొప్పులు ఏ వేళ వస్తాయో ఎవరు చెప్పగలరని, సాయంత్రం తన బండి ఒక్కటి కడగకుండా వదిలేయమని నన్ను వచ్చి అడిగాడు. నేను మంగరాజు గారికి చెప్పాను, మంగరాజు గారు సంచాలకులకు చెప్పారు. ఒక్క బండి పొడిగా ఉంటే మిగతా ఏడు తడిసి ఏం లాభమని ఆయన అడిగారు.

పరిష్కారం చివరికి సంచాలకులకే దొరికింది. మండలి పెట్టిన నాటి నుంచీ ఆయన మనసులో ఉన్నదే అది అని నా అనుమానం. తంత్రి ఘనీభవించడానికి కారణం అది ఘనీభవించే చోట ఉండడమని ఆయన తేల్చారు. వెంటనే ఎనిమిది బండ్లనూ కొండ కింద దిగువపాలేనికి దించమని ఉత్తర్వు ఇచ్చారు. బండ్లను పర్యవేక్షించాలి గనక కార్యాలయం కూడా దిగింది. కార్యాలయంతోపాటు ఆయనా దిగి, కోటు విప్పేశారు. దిగువపాలెంలో చలి లేదు. అక్కడి నుంచి ఆసుపత్రికి నున్నటి తారురోడ్డు ఉంది, అంబులెన్సు తిరుగుతుంది. కొండెక్కే బండ్లకి అక్కడ చెయ్యడానికి పనేమీ లేదు. ప్రతి సాయంత్రం తృప్తిగా కడిగేవాళ్లం.

కొండదారి మొదట్లో ఒక తెల్లగీత గీయించి, పక్కన ఒక బోర్డునీ ఒక కాపలావాణ్ణీ పెట్టించారు. దాని పేరు ఘనీభవన రేఖ. చలికాలంలో మండలి బండి ఏదీ ఆ గీత దాటి పైకి పోకూడదు. ఘనీభవన సంఘటనలు సున్నాకి వచ్చాయి. పరిశుభ్రతలో నూటికి నూరు వచ్చింది. రాష్ట్రంలోని మండళ్లన్నిటిలో మేము మొదటి స్థానానికి వెళ్లాం. సంచాలకులకు సన్మానం చేస్తారని రాజధాని నుంచి కబురు వచ్చింది.

పైవాళ్లు మళ్లీ డోలీలు కట్టుకోవడం మొదలుపెట్టారు. ఎవరో ముసలాయన్ని అలా దించుతున్న ఫోటో పేపర్లో పడింది. మొదటి స్థానంలో ఉన్న మండలిలో డోలీ కనబడడం కన్నా అప్రతిష్ఠ ఏముంటుంది. ‘డోలీ రహిత మండలి’ అని ఊరూరా బోర్డులు పాతి, ఇళ్ల చూరుల్లో దాచుకున్న డోలీ బొంగులన్నీ స్వాధీనం చేసుకుని కార్యాలయం వెనక పేర్పించారు. బండి కొండెక్కదు, డోలీ కొండ దిగకూడదు. మరి మనిషి ఎలా దిగాలని మంగరాజు గారు అడిగితే, ఆరోగ్యంగా ఉండాలని సంచాలకులు జవాబిచ్చారు. నాకు ఒళ్లు మండింది గానీ, జీతం తీసుకునేవాడి మంట ఎంతసేపు.

సుక్రికి నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. పనసగరువు నుంచి ఒకతను గుట్టెక్కి, సిగ్నల్ దొరికిన చోట నిలబడి ఫోన్ చేశాడు. సుందర్రావు నేరుగా సంచాలకుల గదిలోకి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. బండి తీసుకుపోతానని అడిగాడు. గీత దాటడానికి అనుమతి కావాలంటే పైన ఉష్ణోగ్రత ఎంతుందో ధ్రువపత్రం తేవాలని సంచాలకులు చెప్పారు. అది ఎవరిస్తారని అడిగితే, పైన ఉన్న మన కార్యాలయం ఇచ్చేదని, ఇప్పుడది కిందికి వచ్చింది గనక ఇచ్చేవారు లేరని విచారంగా చెప్పారు. వెనక పేర్చిన బొంగుల్లో ఒకటైనా ఇప్పించమని సుందర్రావు చేతులు జోడించాడు. అవి ప్రదర్శనశాలకు కేటాయించినవట.

సుందర్రావు బయటికి పోయి బండి స్టార్ట్ చేశాడు. తెల్లగీత దాటుతున్నప్పుడు కాపలావాడు ఈల వేశాడని తరువాత విచారణలో తేలింది. ఎండ బాగా వచ్చింది. బండి చేయాల్సిన పని ఏదో అది చేసింది. బండలెక్కింది, వాగు దాటింది, పనసగరువు చేరింది. సుక్రిని తొట్టిలో దుప్పట్ల మధ్య పడుకోబెట్టి, పక్కన వాళ్లమ్మని కూర్చోబెట్టి, మధ్యాహ్నానికి ఆసుపత్రికి తెచ్చేశాడు. పొద్దువాలే లోపల ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. మా మండలి ఏ పని కోసం పుట్టిందో ఆ పని ఆ చలికాలంలో జరిగింది అదొక్కసారే.

మర్నాడే విచారణ పెట్టారు. గీత దాటినందుకు ఒకటి, ఆ సాయంత్రం బండి కడగనందుకు ఒకటి, రెండు అభియోగాలు. తారకేశ్వర్ గారే విచారణాధికారి. నేను రాసుకోవడానికి, మంగరాజు గారు సాంకేతిక సాక్షిగా కూర్చున్నాం. తంత్రి ఘనీభవించినదా లేదా అన్నది మొదటి ప్రశ్న. లేదని, బండి చక్కగా నడిచిందని సుందర్రావు చెప్పాడు.

“అలా ఎలా కుదురుతుంది?” అన్నారు సంచాలకులు. ఆయన గొంతులో కోపం లేదు, నిజమైన బాధ ఉంది. “రేఖ దాటిన తంత్రి ఘనీభవించి తీరాలి. ఘనీభవించలేదంటే రేఖ తప్పు. రేఖ తప్పయితే బండ్లు దించడం తప్పు. అది తప్పయితే మన మొదటి స్థానమే తప్పు. రేపు అధ్యక్షులవారి ముందు నేనేం చెప్పాలి?”

చివరికి ఆయనే, ఉద్యోగం పోకుండా ఒక మార్గం ఉందన్నారు. తంత్రి ఘనీభవించినట్టు సుందర్రావు సంతకం పెట్టాలి. మంగరాజు గారు పెన్ను మూసి, ఘనీభవిస్తే బండి కదిలేది కాదు కదా అన్నారు. కదలనట్టే రాయమన్నారు సంచాలకులు. బండి కదలకపోతే సుక్రి ఆసుపత్రికి ఎలా వచ్చిందని ప్రశ్న. డోలీలో వచ్చిందనడానికి లేదు, మాది డోలీ రహిత మండలి. నిండు చూలాలు నడిచి వచ్చిందంటే పేపరువాళ్లు ఊరుకోరు. అన్ని దారులూ మూసుకుపోగా సంచాలకులు తీర్పు చెప్పారు. సుక్రి రాలేదు. రాలేదు గనక ఆసుపత్రిలో కాన్పు కాలేదు. కొండ ఊళ్ల తల్లులు ఏ వాహనంలో వచ్చారో మండలి ధ్రువీకరిస్తే తప్ప బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వకూడదని, మా విజయాలు లెక్క తేలడం కోసం, మేమే ఆసుపత్రికి నియమం పెట్టి ఉన్నాం. కాబట్టి ఆ పిల్ల ప్రస్తుతానికి పుట్టలేదు.

సంచాలకులు కాగితం సుందర్రావు వైపు తిప్పి, మెత్తగా, ఆలోచించుకుని సంతకం పెట్టు అన్నారు.

సుందర్రావు కాగితం వంక చూడలేదు. “ఇందల ఆలోసించీదేటుంది బాబూ. సంతకమెడితే నా ఉజ్జోగముంటాది, పిల్లుండదు. ఎట్టకపోతే పిల్లుంటాది. ఓపాలి పోగొట్టుకున్నోణ్ణి నాను. మల్లీ కాయితంమీద కూడా పోగొట్టుకోనేను.”

సంతకం పెట్టకుండానే లేచి వెళ్లిపోయాడు. ఉద్యోగం పోయింది. తల్లి ఏ వాహనంలో వచ్చిందో తేలేదాకా జనన ధ్రువపత్రం ఫైలు ఆపారు. ఆ పిల్లకి ఇవేవీ తెలియక పనసగరువులో సుఖంగా పాలు తాగుతోందని, మామ్మ పోలికని, అక్కడి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. విన్నప్పుడు నాకు చాలా సంతోషమయింది.

సన్మానసభ దిగువపాలెంలోనే, తారురోడ్డు పక్క మైదానంలో పెట్టారు. రాష్ట్రంలో ఒక్క తంత్రి కూడా ఘనీభవించని ఏకైక గిరివాహన మండలి అని పెద్ద బ్యానరు. ఎనిమిది బండ్లనూ కడిగి, తుడవకుండా, వరసగా నిలబెట్టి బంతిపూల దండలు వేశారు. ఆసుపత్రి అంబులెన్సుని పెద్దల కోసం వేదిక వెనక ఉంచారు. అధ్యక్షులవారు ఇంకా రాలేదు. ఆయన వచ్చేలోపు సిబ్బందితో ఒక ఫోటో తీయిద్దామని సంచాలకులు మమ్మల్ని బండ్ల ముందు నిలబెట్టారు. ఫోటోగ్రాఫరు గడ్డం పైకి, భుజాలు కిందికి అని సర్దుతున్నాడు.

అప్పుడు కొండదారి నుంచి డోలీ వచ్చింది.

బొంగు ముందుకొస సుందర్రావు భుజం మీద ఉంది. అది కొత్తగా నరికిన పచ్చి వెదురు. అతని వెనక ముగ్గురు పనసగరువు కుర్రాళ్లు. దుప్పట్లో వాళ్ల ఊరి గురుబారి మూలుగుతోంది. తొలికాన్పట. పక్కనే సుక్రి, వీపున పిల్లని కట్టుకుని, గురుబారి చెయ్యి పట్టుకుని పరుగులాంటి నడకతో వస్తోంది. వాళ్లు తెల్లవారుతూనే బయలుదేరారని ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. ఆసుపత్రికి పోవాలంటే మైదానం దాటాలి. మైదానం దాటాలంటే మా ముందు నుంచే పోవాలి.

మంగరాజు గారు వరసలోంచి బయటికి వచ్చి, అంబులెన్సు పంపుదామన్నారు. అది అధ్యక్షులవారి భద్రతకి కేటాయించిందన్నారు సంచాలకులు. అయితే ఒక బండి ఇమ్మన్నారు మంగరాజు గారు. ఇది కొండ కాదు, మంచు లేదు, గీత ఇంకా అవతలే ఉంది, మీ నియమాల్లో దేన్నీ ఇది దాటదు అన్నారు. సంచాలకులు దండలవైపు చూశారు. అధ్యక్షులవారు రాకముందే వరస చెదిరితే ఎలా అన్నారు.

తరువాత ఆయనే నాలుగడుగులు ముందుకు వచ్చి, సుందర్రావుతో ఎంతో మర్యాదగా, “ఒక్క రెండు నిమిషాలు అటు పందిరి వెనక ఆగండి. ఫోటో అయిపోతుంది. డోలీ అందులో పడకూడదు” అన్నారు.

సుందర్రావు బొంగు దించలేదు, భుజం మార్చుకున్నాడు.

“మీరు సెప్తే మేం ఆగుతాం బాబూ,” అన్నాడు. “కడుపులోది ఆగమంటే ఆగదు.”

డోలీ కదిలింది. ఫోటోగ్రాఫరు స్టాండు తీసి దారిచ్చాడు. వాళ్లు కెమెరాకీ మాకూ మధ్య నుంచి నడిచి, మైదానం దాటి, తారురోడ్డు ఎక్కారు. కాసేపటికి గురుబారి మూలుగు కూడా వినబడలేదు. మా వెనక ఎనిమిది బండ్లూ మెరిసిపోతూ, ఎవరు మీట నొక్కినా కదలడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాయి.